పాతికేళ్లు అక్కడే... పౌరుడు మాత్రం కాలేదు

గర్భం అని తెలియగానే డాక్టరు రాసే మొదటి మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి. కీళ్లవాతంతో బాధపడే అమ్మమ్మకు వారానికోసారి వేసుకోమని ఇచ్చేది మెథోట్రెక్సేట్. బోదకాలు రాకుండా ఆరోగ్య కార్యకర్తలు ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడి మింగించేవాటిలో ఒకటి డీఈసీ. ఈ మూడింటి వెనకా ఉన్నది మన భీమవరంలో పుట్టిన ఒక్క మనిషి పరిశోధన. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన మందుల గురించి చాలామంది రాశారు. అమెరికాలో ఆయన ఏ హోదాలో బతికారన్నది మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. కొడుకో కూతురో గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తున్న ఇళ్లు ఈరోజు మన వీధి వీధికీ ఉన్నాయి. అలాంటి ఇంట్లోవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు.

సుబ్బారావు 1895లో పుట్టారు. చదువులో చురుకైన పిల్లాడేమీ కాదు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు వెళ్లాక. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. పర్యవసానం, పూర్తి ఎంబీబీఎస్ పట్టాకు బదులు ఎల్ఎంఎస్ అనే తక్కువ పట్టా చేతికొచ్చింది. ఒక గౌను ఆయన్ని ఎంతదూరం వెంటాడిందో తర్వాత చూద్దాం.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే వ్యాధి ఉండేది. ఆగని విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, రక్తహీనత, చివరకు మనిషి కరిగిపోవడం. అది అన్నదమ్ములిద్దరినీ తీసుకుపోయింది. సుబ్బారావుకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో కోలుకున్నారు. ఆ తర్వాత ఆయన ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం పాఠాలు చెప్పారు. ఉష్ణదేశపు జబ్బుల గుట్టు తేల్చుకోవాలన్న పట్టుదలతో అమెరికా ప్రయాణం కట్టారు. ఖర్చుకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆసరా అయ్యారు. భార్య శేషగిరి పుట్టింట ఉండిపోయారు.

1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. దిగిన కాలం చూడండి. భారతీయులతో సహా ఆసియావాసులు అమెరికాలో స్థిరపడకుండా 1917 చట్టం అప్పటికే తలుపు మూసింది. చదువుకోవడానికి వచ్చేవారికి మాత్రం మినహాయింపు ఉంది. ఆ సందులోంచే ఈయన లోపలికి వెళ్లారు. సరిగ్గా ఆ ఏడాది ఫిబ్రవరిలోనే, భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ మాజీ సైనికుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. అంటే ఎంత గొప్ప పని చేసినా, ఎన్నేళ్లు ఉన్నా పరాయివాడే.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేశారు. ఆస్పత్రిలో వైద్యుడిగా ఇంటర్న్‌షిప్‌కు ఎల్ఎంఎస్ పట్టా అడ్డుపడింది. ఖద్దరు గౌను బోస్టన్ దాకా వచ్చిందన్నమాట. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేయడం ఆ డాక్టరు ఉద్యోగం. పగలు ప్రయోగశాల. సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్‌తో కలిసి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటే బయోకెమిస్ట్రీ విద్యార్థులకు ఇప్పటికీ తెలుసు. అదే దారిలో వెళ్లి కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో ఏటీపీనీ వెలికితీశారు. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల సంస్థకు వెళ్లిపోయారు.

అదే ఈరోజైతే? నేషనల్ ఇంట్రెస్ట్ వెయివర్ అనే దారి ఉంది. 1990 చట్టంతో వచ్చింది. మామూలుగా ఈబీ-2 గ్రీన్‌కార్డుకు ఒక కంపెనీ ఉద్యోగం చూపాలి, ఆ పనికి అర్హుడైన అమెరికన్ దొరకలేదని నిరూపించాలి. ఈ దారిలో ఆ రెండూ అక్కర్లేదు. తన పని ఆ దేశానికి ముఖ్యమైనదని, దాన్ని ముందుకు తీసుకెళ్లగల సత్తా తనకుందని, ఆ షరతులు సడలిస్తే దేశానికే లాభమని దరఖాస్తుదారుడు తానే చూపించుకోవాలి. ఈ కొలమానాలు 2016లో ఒక తీర్పుతో స్థిరపడ్డాయి. శాస్త్రవేత్తలే కాదు, వైద్య పరికరాన్ని నర్సు ఎక్కడ పొరపాటుగా నొక్కుతోందో, మందుల చీటీని రోగి ఎలా అర్థం చేసుకుంటున్నాడో పరిశీలించి మార్పులు చేసే డిజైన్ రీసెర్చర్లు కూడా దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఇది సడలించేది కంపెనీ షరతునే, క్యూను కాదు. భారత్‌లో పుట్టినవారు ఆమోదం వచ్చాక కూడా వరసలో నిలబడాల్సిందే. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు.

మళ్లీ లెడర్లీకి వద్దాం. అక్కడి పరిశోధనలకు సుబ్బారావు సారథి అయ్యారు. కాలేయం నుంచి వెతుక్కుంటూ వెళ్లిన ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. అది స్ప్రూ రోగుల రక్తహీనతకు పనిచేసింది. అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేళ్లు. యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దాని కోసం సాగిన వెతుకులాటలో 1947లో హెట్రజాన్ వచ్చింది. అదే మన డీఈసీ. గోదావరి జిల్లాల్లో బోదకాళ్లు చూస్తూ పెరిగినవాడికి ఆ జబ్బు ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుక్కున్నది కూడా ఆయన విభాగంలోనే.

ఇక క్యాన్సర్. ఫోలిక్ యాసిడ్ లేకపోతే కణాలు పెరగవు. దాని వేషంలో వెళ్లి దారి అడ్డగించే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం తయారుచేసి, బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు ఇచ్చింది. లుకేమియాతో మరణం ఖాయమనుకున్న పిల్లల్లో కొందరికి కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మెథోట్రెక్సేట్ దానికి తోబుట్టువు.

భారతీయులకు పౌరసత్వ హక్కు ఇచ్చే చట్టం 1946 జులైలో వచ్చింది. కొత్తగా వలస వచ్చేవారికి ఏడాదికి వంద మందే కోటా. అయినా తలుపు తెరుచుకుంది. సుబ్బారావు అమెరికా పౌరుడు కాలేదు. ఎందుకన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు చెబుతారు. నాకైతే, ప్రయోగశాల నుంచి తల ఎత్తే తీరికే ఆయనకు లేదనిపిస్తుంది. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగింది. వయసు 53. బిడ్డ పసితనంలోనే పోయాడు, తండ్రి చూడనేలేదు. శేషగిరి గారు భర్తను చివరిసారి చూసింది 1923లో.

మెథోట్రెక్సేట్ మాట ఎలాగూ వచ్చింది కాబట్టి, ఆ మాత్ర ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక సంగతి. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదకొస్తుంది, ఇలాంటి మరణాలు చాలా దేశాల్లో జరిగాయి. పెట్టె మీద ఆ హెచ్చరిక ఎక్కడుండాలి, ఎంత పెద్ద అక్షరాలు కావాలి అన్నది తేల్చడం కూడా డిజైన్ రీసెర్చర్ల పనే. మన ఇంట్లో మాత్రం డాక్టరు చెప్పిన వారం పేరును పెట్టె మీద పెన్నుతో పెద్దగా తెలుగులో రాసి పెట్టండి. గర్భిణులు దీన్ని వాడకూడదు. తోడుగా డాక్టరు ఫోలిక్ యాసిడ్ రాస్తే, అది ఏ రోజు వేసుకోవాలో కూడా అడిగి పక్కనే రాయండి.