సీలేరు బస్సు వెళ్లే దారి: రోడ్డు కూలి నుంచి మన్యం తిరుగుబాటు దాకా

నర్సీపట్నంలో బస్సెక్కితే లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి, ధారకొండ మీదుగా సీలేరు చేరుకోవచ్చు. విశాఖ నుంచి భద్రాచలం వెళ్లే బస్సులకు కూడా ఇదే దారి. ఈ దారిలో మొదటి ముక్క, అంటే నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఎక్కే ఘాట్ రోడ్డు, వందేళ్ల కిందట గిరిజనుల చేతులతో పడింది. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఈ రోడ్డు పని ఒకటి. అల్లూరి అనగానే బాణాలు, తుపాకులు గుర్తొస్తాయి గానీ, కూలి డబ్బుల గొడవ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

రాజు కొండల్లో పుట్టినవాడు కాదు. 1897 జూలై 4న భీమునిపట్నం దగ్గర పాండ్రంగిలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. చదువు ఒక ఊళ్లో కుదురుగా సాగలేదు. సన్యాసిలా తిరిగి తిరిగి 1917లో మన్యం అంచున ఉన్న కృష్ణదేవిపేట చేరారు. అక్కడ మందులిచ్చారు, కల్లు, సారా మానమన్నారు, తగాదాలకు కోర్టుకెళ్లకుండా పంచాయితీల్లోనే తేల్చుకోమన్నారు. జనం ఆయన్ని నమ్మారు.

అప్పటికే 1882 అటవీ చట్టంతో పోడు మీద ఆంక్షలొచ్చి గిరిజనుల బతుకు ఇరుకైపోయింది. దాని మీద రోడ్డు పని వచ్చి పడింది. గూడెం డిప్యూటీ తహశీల్దార్ బాస్టియన్ జనాన్ని బలవంతంగా పనికి తోలించేవాడు. చేసిన పనికి చేతికొచ్చే కూలి నామమాత్రం. అడిగితే దెబ్బలు. బట్టిపనుకుల గ్రామ మునసబుగా ఉన్న గాం గంటందొర పదవి కూడా పోయింది. ఆయన, తమ్ముడు మల్లుదొర తర్వాత రాజు వెంట నడిచారు.

అధికారులంతా ఒకేలా లేరు. పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజులుల్లా ఖాన్ రాజు పట్ల సానుభూతితో ఉండేవారు. పోలీసులు రాజుపై నిఘా పెట్టిన రోజుల్లో పైడిపుట్టలో ఆయనకు భూమి ఇప్పించారు. అయినా 1922 మధ్యకల్లా రాజు మళ్లీ గూడెం కొండలెక్కారు.

ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల నుంచి 26 తుపాకులు పట్టుకెళ్లారు. చింతపల్లి స్టేషన్ ఆ ఘాట్ రోడ్డు చివరనే ఉంది మరి!

సర్కారుకి రోడ్డు ఎందుకు కావాలో తర్వాత అందరికీ అర్థమైంది. అడవి సరుకు దిగడానికీ, పోలీసు బలగం ఎక్కడానికీ అదే దారి. రాజు మనుషులు మాత్రం రోడ్డు వదిలేసి కాలిబాటల్లో తిరిగారు. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ మలుపులో కాపు కాయాలో వాళ్లకి తెలుసు. సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో ఇరుకు దారిన వస్తున్న పటాలం మీద పడ్డారు. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు అక్కడే చనిపోయారు. ఆ తర్వాత మలబారు పోలీసులు దిగారు, 1924లో అస్సాం రైఫిల్స్ వచ్చింది. రాజు తలకి 10 వేల రూపాయల వెల కట్టారు. ఈ అణచివేతకు సర్కారుకి 40 లక్షల రూపాయల దాకా అయిందని చరిత్ర పుస్తకాలు రాస్తున్నాయి. రోడ్డు పనిలో కూలోళ్ల దగ్గర మిగుల్చుకున్న అణాలు ఈ లెక్కలో ఏ మూలకి?

1924 మే 7న మంప దగ్గర రాజును పట్టుకుని, కొయ్యూరులో విచారణ లేకుండా కాల్చి చంపారు. అప్పటికి 27 ఏళ్లు కూడా నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మరుసటి నెలలోనే గంటందొర కూడా పోలీసు కాల్పుల్లో చనిపోయారు.

సీలేరు ఇప్పుడు ఆయన పేరు మీదున్న జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఆ జిల్లా ఏర్పడింది. మెయిన్ రోడ్డు మీద బస్సు తిరుగుతోంది గానీ, లోపలి గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి ఆ రోడ్డు దాకా మోసుకురావడం ఇంకా ఆగలేదు. శిక్ష అనుభవించి జైలు నుంచి బయటికొచ్చిన మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి ఢిల్లీ వెళ్లారు.