దుఃఖానికి దూతను వెదకిన కవి – గుర్రం జాషువా

మనసులోని బాధను సూటిగా చెప్పుకోలేనివారిచేత బొమ్మలు గీయించి, పాటలు పాడించి, కథలు అల్లించి, ఆ బాధను వెలికి తెచ్చే పద్ధతి నేటి మానసిక చికిత్సలో ఉన్నది. దీనికి 1942లో కళాచికిత్స అని పేరు పెట్టినవాడు ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్. క్షయవ్యాధితో చికిత్స పొందుతున్న కాలంలో బొమ్మలు గీయడమే ఆయనకు ఊరట అయింది. అంతకు ఒక ఏడాది ముందే, 1941లో, ఏ చికిత్సాలయంతోను సంబంధం లేకుండా, ఒక తెలుగు కవి తన గుండెకోతను ఒక గబ్బిలంతో చెప్పించారు. ఆయనే గుర్రం జాషువా.

జాషువా 1895 సెప్టెంబరు 28వ తేదీన, నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. క్రైస్తవ కుటుంబమైనను అంటరానితనం వారిని విడువలేదు. సభలలో ఆయన పద్యం కంటె ముందు కులమే చర్చకు వచ్చేది. పురాణగాథలపై కవిత్వం వ్రాసినందుకు స్వమతస్థులలో కొందరు ఆక్షేపించారు. పొట్టకూటికై రాజమహేంద్రవరంలో మూకీ చిత్రాలకు కథ చెప్పారు. తరువాత ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. పేదరికము, కులభేదము తనకు ఇద్దరు గురువులని ఆయన భావించారు. మొదటిది సహనం నేర్పగా, రెండవది ఎదిరించే శక్తిని మేల్కొలిపింది.

తన అవమానాన్ని తానే చెప్పుకోవడం కష్టం. పరుని కథలో చెప్పుకోవడం కొంత సులువు. 1932లో వెలువడిన ఫిరదౌసి కావ్యంలో, షానామా రచించి, గజనీ మహమ్మదు మాట తప్పగా బంగారు నాణెములకు బదులు వెండి నాణెములు పొంది కుమిలిన పారసీక కవి వ్యథను ఆయన పాడారు. తూసు నగరపు కవి కన్నీటిలో వినుకొండ కవి కన్నీరు కూడా కలిసినట్లు చదువరికి తోస్తుంది.

గబ్బిలం కావ్యంలో ఆయన మరొక అడుగు ముందుకు వేశారు. కాళిదాసుని యక్షుడు ప్రియురాలికి మేఘంచేత సందేశం పంపగా, జాషువా కథానాయకుడైన నిరుపేద అస్పృశ్యుడు కాశీ విశ్వేశ్వరునికి గబ్బిలంచేత తన మొర పంపుకొంటాడు. అతనికి గుడి తలుపులు మూసి ఉన్నవి. గబ్బిలానికి అడ్డు లేదు. అది కులమడగదు, ఎదురు చెప్పదు. నేటి చికిత్సకులు రోగిచేత బొమ్మతోనో, ఖాళీ కుర్చీతోనో మాట్లాడించడంలోని మర్మమిదే. వినే తోడు ఉన్నదనుకొన్నప్పుడు మూగబాధ మాటగా మారుతుంది. మాటగా మారినదానిని మనిషి తరచి చూసుకోగలడు.

అయితే ఒక భేదమున్నది. జాషువా రోగి కారు, రోగం సంఘానిది. అందుచేత ఆయన కవిత్వం కన్నీరు తుడుచుకోవడంతో ఆగక, గాయపరచిన సంఘాన్నే నిలదీసింది. బాధ చల్లారి అన్యాయం మిగిలిపోవడం ఆయనకు సమ్మతం కాదు. ఆయన శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో చేరి, ఊరూరా ప్రేక్షకులను కంటతడి పెట్టించాయి.

ఒకనాడు కులమడిగిన లోకమే తరువాత ఆయనను సత్కరించింది. మన విశాఖపట్టణంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ లభించాయి. 1971 జూలై 24న ఆయన కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! చెప్పుకోలేని బాధ మనలో ఎందరికో ఉంటుంది. దానిని పద్యంగానో, పాటగానో, చిత్రంగానో వెలికి తెచ్చుకొనుట బలహీనత కాదు. తోటివాడు అట్లు తెచ్చిన నాడు, కులమతాలు అడుగక వినుట మన విధి.