పేకముక్కలలో సామ్రాజ్ఞి భవిష్యత్తు

ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతానికి చెందిన అలాన్సోన్ పట్టణంలో 1772లో ఒక బట్టల వర్తకుని ఇంట మరీ ఆన్ లెనోర్మాన్ జన్మించారు. చిన్ననాటనే తల్లిదండ్రులను కోల్పోయి, క్రైస్తవ సన్యాసినుల మఠంలో చదువుకున్నారు. యౌవనంలో పారిస్ చేరి, తుర్నోన్ వీధిలో స్థిరపడ్డారు. పేరుకు పుస్తక విక్రేత. ఆమె గడప తొక్కినవారంతా పేకముక్కలలో తమ జాతకం చెప్పించుకోవడానికే వచ్చేవారు.

అది రాజు శిరస్సునే విప్లవం బలిగొన్న కాలం. నేటి పదవి, ప్రాణం రేపటికి నిలుస్తాయో లేదోనన్న భయమే ఆమెకు పెట్టుబడి అయింది. నెపోలియన్ భార్య జోసెఫీన్ సైతం ఆమెను ఆశ్రయించారు. 1809 డిసెంబరులో, ఆ దంపతుల విడాకులకు కొద్ది రోజుల ముందు, పోలీసులు లెనోర్మాన్‌ను నిర్బంధించారు. అంతఃపురపు గుట్టు ఎరిగిన స్త్రీ పాలకులకు ప్రమాదకరంగా కనిపించడం సహజమే.

నెపోలియన్ గద్దె దిగిన 1814లో ఆమె ఆ నిర్బంధం గురించి పుస్తకం వెలువరించారు. ముందే చెప్పానన్న జోస్యాలలో అనేకం ఇలా సంఘటనలు జరిగిపోయిన తరువాత అచ్చయినవే. 1843లో పారిస్‌లో కన్నుమూసే నాటికి ఆమె పెద్ద ఆస్తిని కూడబెట్టారు. నేడు ఆమె పేరిట అమ్ముడవుతున్న 36 ముక్కల పేక సైతం ఆమె సృష్టి కాదు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో పుట్టిన ఒక వినోద క్రీడకు, ఆమె మరణానంతరం వర్తకులు ఆ పేరు తగిలించారు. ఆమె జోస్యాలకు రుజువు మిగలలేదు. ఆనాటి సంపన్నుల భయానికి మాత్రం ఆమె ఆస్తే సాక్ష్యం.