కురొసావా తీయలేకపోయిన రైలు కథ

బెజవాడ నుండి బందరు పోవు రోడ్డు పామర్రు మీదుగా సాగును. రైలు మాత్రము గుడివాడ మీదుగా చుట్టి పోవును. ఊరి నడుమ పట్టాలు లేకపోయినను, పట్టు తప్పి పరుగెత్తు రైలు అనగానే పామర్రు వారికైనను గుండె ఝల్లుమనక మానదు. ఆ భయమే ఇతివృత్తముగా 1985లో ‘రన్‌అవే ట్రెయిన్’ అను చిత్రము వెలువడినది. దానిని తీసినవాడు రష్యను దర్శకుడు ఆంద్రెయ్ కొంచలోవ్‌స్కీ. కాని ఆ కథను పందొమ్మిదేండ్ల ముందే అల్లినవాడు జపాను దర్శకుడు అకిరా కురొసావా. చేజారిన ఆ చిత్రమే ఆయన జీవితమునకు పెద్ద మలుపైనది.

కురొసావా 1910 మార్చి 23న టోక్యోలో, ఎనమండుగురు సంతానములో కడగొట్టువాడుగా జన్మించినాడు. తండ్రి సమురాయి వంశీకుడు; కఠిన క్రమశిక్షణ గలవాడు, ఐనను బిడ్డలను సినిమాలకు తీసికొనిపోవువాడు. పామర్రు చెంతనున్న నిమ్మకూరులో నందమూరి తారక రామారావు పుట్టిన 1923వ సంవత్సరములోనే, సెప్టెంబరు 1న, కాంటో భూకంపము టోక్యోను నేలమట్టము చేసినది. అన్న హేగో తమ్ముని వెంటబెట్టుకొని శిథిలముల నడుమ, శవముల నడుమ నడిపించి, భయపెట్టు దానినుండి చూపు మరల్చరాదని నేర్పినాడు. ఆ అన్న మూగచిత్రములకు వ్యాఖ్యానము చెప్పు ‘బెన్షీ’. టాకీలు వచ్చి అతని వృత్తి పోయినది. 1933లో అతడు తన ప్రాణమును తానే తీసికొన్నాడు. ఆ గాయము తమ్మునిలో మానలేదు.

చిత్రకారుడు కావలెనని కలలు కన్న కురొసావా 1936లో సహాయ దర్శకుడుగా స్టూడియోలో చేరినాడు. 1943లో తొలి చిత్రము తీసినాడు. 1950 నాటి ‘రషోమోన్’ మరుసటి యేడు వెనిస్ ఉత్సవములో అగ్రబహుమానము పొంది, జపాను సినిమాను ప్రపంచము ముందు నిలిపినది. 1954లో ‘ఏడుగురు సమురాయిలు’ వచ్చినది. 1963 నాటి ‘హై అండ్ లో’లో, అపహరింపబడిన పసివాని విడుదలకై పరుగెత్తు రైలు కిటికీనుండి సొమ్ము పారవేయు ఘట్టమున్నది. దానిని నిజముగా నడచుచున్న రైలులోనే, పెక్కు కెమెరాలు ఏకకాలమున నడిపి పట్టినాడు. రైలు వేగమును ఉత్కంఠగా మార్చు విద్య ఆయనకు అప్పటికే కరతలామలకము.

అమెరికాలో డ్రైవరు లేక పరుగెత్తిన ఇంజన్ల వార్తను ఒక పత్రికలో చదివి, 1966లో ఆయన ‘రన్‌అవే ట్రెయిన్’ రచనకు పూనుకొన్నాడు. తరువాత వెలువడిన చిత్రములో కథ ఇది: చెరనుండి పారిపోయిన ఇద్దరు ఖైదీలు ఇంజన్లలో దాగుదురు, డ్రైవరు గుండె ఆగి కూలిపోవును. బ్రేకు పడినను ఇంజను శక్తి తగ్గదు. చక్రములను నొక్కి పట్టు దిమ్మలే రాపిడికి కాలిపోవును. ఇక ఆపువాడు లేడు. కురొసావాకు ఇది తొలి రంగుల చిత్రము, తొలి అమెరికను చిత్రము కావలసినది. కాని ఆంగ్ల రచన విషయమున అభిప్రాయభేదములు వచ్చినవి. కథకు మంచు అవసరము, అదను తప్పినది. చిత్రీకరణ వాయిదా పడినది, తుదకు ఆగిపోయినది.

దెబ్బ మీద దెబ్బ తగిలినది. పెర్ల్ హార్బరు దాడిని గూర్చిన ‘తోరా! తోరా! తోరా!’ చిత్రమునకు దర్శకత్వము వహింపబూని, షూటింగు మొదలైన కొలది వారములకే తొలగింపబడినాడు. ప్రతి దృశ్యమును తన అదుపున ఉంచుకొనుటకు అలవడిన వానికి ఇంతకన్న అవమానము లేదు. 1970లో తీసిన ‘దొదెస్కదెన్’ ఆర్థికముగా దెబ్బతిన్నది. 1971 డిసెంబరులో ఆయన కూడ అన్న త్రోవనే పోజూచినాడు, ప్రాణము దక్కినది.

అక్కడితో కథ ముగియలేదు. సోవియట్ స్టూడియో పిలుపునందుకొని, సైబీరియా అడవులలో ‘దెర్సు ఉజాలా’ చిత్రించినాడు. 1975లో విడుదలైన ఆ చిత్రము విదేశీ చిత్రములకిచ్చు ఆస్కారు గెలుచుకొన్నది. అమెరికాలో అదను తప్పిన మంచు ఇచట ఆయనకు కావలసినంత దొరకినది. 1980లో ‘కాగెముషా’ కాన్స్ ఉత్సవమున అగ్రబహుమానము పంచుకొన్నది. 1985లో, డెబ్బదియైదేండ్ల వయసున, లియర్ రాజు కథను జపాను నేలపై నిలిపి ‘రాన్’ తీసినాడు.

అదే యేట కొంచలోవ్‌స్కీ రైలు అలాస్కా మంచులో పరుగెత్తినది. దానికి మూడు ఆస్కారు ప్రతిపాదనలు లభించినవి. మూలరచయితగా తెరపై కురొసావా పేరు పడినది. రైలును నడిపినవాడు వేరొకడైనను, అది బయలుదేరినది ఆయన బల్లమీదనుండియే. 1998 సెప్టెంబరు 6న టోక్యోలో కన్నుమూయునాటికి ఆయన ముప్పది చిత్రములు తీసినాడు. చేజారిన చిత్రమునకై విలపించుచు కూర్చుండియున్న యెడల, వానిలో కడపటి ఆరును మనకు దక్కెడివి కావు.