శరణార్థుల శిబిరంలో ఒక సేవాదారు: భగత్ పూరణ్ సింగ్ జీ



సేవ చేసినవారికి మనం సిరోపా ఇచ్చి గౌరవిస్తాం. మంచిదే. ఒక గురుపురబ్ నాడు మేము కూడా ఒక సేవాదారుకు సిరోపా కప్పి, పక్కన నిలబడి ఫోటో దిగి, లంగర్ గిన్నెలు తోమే పని మళ్లీ ఆయనకే వదిలేసి ఇంటికి వచ్చేశాం. భగత్ పూరణ్ సింగ్ జీ జీవితం చదివినప్పుడల్లా ఆ రోజు గుర్తొచ్చి సిగ్గుపడతాం.

వారు 1904లో పంజాబులో, ఖన్నా దగ్గరి రాజేవాల్ గ్రామంలో పుట్టారు. మొదటి పేరు రాంజీ దాస్. దారిలో రాయి, ముల్లు, మేకు కనిపిస్తే తీసి పక్కన పెట్టమని తల్లి మెహతాబ్ కౌర్ చిన్నప్పుడే నేర్పింది. ముసలితనం వరకు ఆ అలవాటు పోలేదు. (కొలిమి పని చేసే మన ఇళ్ల ముందు ఎన్ని మేకులు పడి ఉంటాయో ఒకసారి చూసుకుందాం.)

చదువు పెద్దగా సాగలేదు. లాహోరు చేరి, సిక్ఖుగా మారి, గురుద్వారా డేరా సాహిబ్‌లో జీతం లేని సేవకు కుదిరారు. 1934లో ఎవరో అక్కడ ఒక పిల్లవాణ్ణి వదిలి వెళ్లారు. సుమారు నాలుగేళ్లవాడు. నడవలేడు, మాట్లాడలేడు. పూరణ్ సింగ్ జీ వాడికి పియారా సింగ్ అని పేరు పెట్టుకున్నారు. తినిపించడం, కడగడం, బట్టలు ఉతకడం అన్నీ ఆయనే. ఎక్కడికి వెళ్లినా వాణ్ణి వీపున వేసుకునే వెళ్లేవారు. ఇలా దాదాపు 14 ఏళ్లు! పెళ్లి చేసుకోలేదు.

1947లో దేశం రెండు ముక్కలైంది. లాహోరు సిక్ఖులు ప్రాణాలు అరచేత పట్టుకుని అమృత్‌సర్ దారి పట్టారు. పూరణ్ సింగ్ జీ కూడా అందరిలాగే ఇల్లూ వాకిలీ లేని శరణార్థి. ఆగస్టు 18న ఖాల్సా కాలేజీ శిబిరానికి చేరేసరికి వెంట ఉన్న ఆస్తి వీపున ఉన్న పియారా సింగే. శిబిరంలో 25,000 మందికి పైగా ఉన్నారు. ఎవరి దుఃఖం వారిది. లేవలేని రోగుల వైపు, అయినవాళ్లు లేని వికలాంగుల వైపు చూసే తీరిక ఎవరికుంటుంది? ఆయన వాళ్ల దగ్గరే కూర్చున్నారు. మురికి బట్టలు ఉతికారు, ఇంటింటికీ తిరిగి రొట్టెలు అడిగి తెచ్చి తినిపించారు. ఏ అధికారీ ఆయనకు ఆ పని అప్పగించలేదు.

ఊరూరా గుడారం వేసుకుని తిరిగిన మన పెద్దల కథలు విన్నవాళ్లం కాబట్టి మనకు ఇది బాగా అర్థమవుతుంది. గుడారంలో జబ్బుపడ్డ మనిషికి డబ్బు కన్నా ముందు పక్కన ఒక మనిషి కావాలి.

కొన్ని నెలలకు శిబిరం ఎత్తేశారు. మిగిలినవాళ్లు ఏదో ఒక గూడు వెతుక్కున్నారు. ఏ గూడూ దొరకని రోగులు మాత్రం ఆయనతోనే ఉండిపోయారు. వాళ్లతో చెట్ల కింద, రోడ్డు పక్కన ఏళ్లు గడిపారు. ఆ గుంపే పింగళ్వాడా అయింది. 1957లో సంస్థగా రిజిస్టరైంది.

ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1984లో దర్బార్ సాహిబ్ మీద సైన్యం దాడి జరిగాక దాన్ని తిరిగి ఇచ్చేశారు. బిరుదు పోయినా పనిలో తేడా రాలేదు. దర్బార్ సాహిబ్ బయట కూర్చుని, పింగళ్వాడా కోసం చందా అడుగుతూ, చెట్ల గురించి, నీటి గురించి తాను రాసిన కరపత్రాలు ఉచితంగా పంచేవారు. ఒకవైపు వాడేసిన కాగితాలు సేకరించి, రెండోవైపు అచ్చు వేయించేవారు.

1992 ఆగస్టు 5న కన్నుమూశారు. అమృత్‌సర్ వెళ్లే మన కుటుంబాలు దర్బార్ సాహిబ్ దర్శనం అయ్యాక జి.టి. రోడ్డులోని పింగళ్వాడాకూ వెళ్లిరండి. ఎవరూ లేనివాళ్లు వెయ్యి మందికి పైగా ఇప్పుడు ఆ సంస్థ నీడలో ఉన్నారు. వెళ్తే కాసేపు వాళ్ల పక్కన కూర్చోండి.