పసివారి చర్మవ్యాధికి పేరు పెట్టిన మోరిట్జ్ కపోసి

ఎండపొడ సోకితే చాలు, కొందరు పసిపిల్లల చర్మం కందిపోతుంది. రెండేళ్లు నిండకముందే ముఖంపైనా చేతులపైనా గోధుమరంగు మచ్చలు కమ్ముకుంటాయి. చర్మం పొడిబారి, బాల్యంలోనే క్యాన్సర్ కణితులు తలెత్తుతాయి. పుట్టుకతో వచ్చే ఈ అరుదైన వ్యాధిని గుర్తించి పేరు పెట్టిన వైద్యుడు మోరిట్జ్ కపోసి.

హంగేరీలోని కపోష్‌వార్ పట్టణంలో 1837 అక్టోబరు 23న ఒక యూదు కుటుంబంలో ఆయన జన్మించారు. అసలు పేరు మోరిట్జ్ కోన్. వియన్నా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి 1861లో పట్టా పొందారు. ఆనాటి చర్మవైద్యంలో అగ్రగణ్యుడైన ఫెర్డినాండ్ హెబ్రా వద్ద శిష్యరికం చేసి, 1869లో ఆయన కుమార్తె మార్తాను వివాహమాడారు. 1871లో జన్మస్థలాన్ని స్మరిస్తూ కపోసి అనే ఇంటిపేరును స్వీకరించారు.

గురుశిష్యులు కలిసి వెలువరించిన చర్మవ్యాధుల గ్రంథంలో కపోసి ఈ వ్యాధి లక్షణాలను వివరించారు. పొడి చర్మం అనే అర్థంలో దానిని జీరోడెర్మా అన్నారు. రంగు మచ్చలను సూచించే పిగ్మెంటోసం అనే మాట 1882లో దానికి తోడైంది. ఆయన 1872లో వర్ణించిన మరొక వ్యాధి నేటికీ కపోసి సార్కోమాగా ప్రసిద్ధం. 1880లో హెబ్రా మరణించగా, వియన్నా చర్మవైద్య విభాగం బాధ్యతలు కపోసి చేపట్టారు. 1902 మార్చి 6న వియన్నాలోనే కన్నుమూశారు.

వ్యాధి మూలమేమిటో ఆయన జీవితకాలంలో తెలియలేదు. సూర్యకిరణాల వల్ల దెబ్బతిన్న డీఎన్ఏను ఈ పిల్లల కణాలు సరిచేసుకోలేవని 1968లో అమెరికాలో జేమ్స్ క్లీవర్ నిరూపించారు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు సంక్రమిస్తేనే ఈ వ్యాధి వస్తుంది. అందువల్ల మేనరికాలు, రక్తసంబంధీకుల వివాహాలు జరిగే కుటుంబాలలో దీని ముప్పు అధికం. ఆ ఆచారం నేటికీ ఉన్న తెలుగు నేలకు ఇది దూరపు విషయం కాదు.

ఈ వ్యాధిని పూర్తిగా నయం చేసే చికిత్స లేదు. అయితే తొలి మచ్చలు కనిపించగానే గుర్తిస్తే, బిడ్డను ఎండ సోకకుండా కాపాడి, కణితులను చాలావరకు నివారించవచ్చు. ఆ తొలి మచ్చలను ఇతర మచ్చల నుంచి వేరుచేసి చూడటం వైద్యలోకానికి నేర్పినవారు కపోసి.