లండన్ నుండి డార్విన్ వరకు – అమీ జాన్సన్

మనం అట్లాసులో స్కేలు పెట్టి రెండు నగరాల మధ్య గీత గీసి, అదే దగ్గరి దారి అనుకుంటాం. కానీ భూమి గుండ్రంగా ఉంది కదా! గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారాన్ని బిగుతుగా లాగి పట్టుకుంటే వచ్చేదే అసలైన దగ్గరి దారి. విమాన దూరాన్ని అలాగే లెక్కిస్తారు. ఆ లెక్కన లండన్ నుండి ఆస్ట్రేలియాలోని డార్విన్‌కు సుమారు 13,850 కిలోమీటర్లు. 1930లో అమీ జాన్సన్ అదే ప్రయాణానికి దాదాపు 17,700 కిలోమీటర్లు ఎగరవలసి వచ్చింది. ఎందుకో తెలుసుకుందాం.

అమీ 1903 జూలై 1న ఇంగ్లండులోని హల్ పట్టణంలో ఒక చేపల వ్యాపారి ఇంట పుట్టింది. డిగ్రీ చదివి, లండన్‌లో ఒక న్యాయవాదుల ఆఫీసులో టైపిస్టుగా చేరింది. జీతంలో మిగిల్చి విమానం నడపడం నేర్చుకుంది. అంతటితో ఆగలేదు. మగవాళ్ళు మాత్రమే ఉన్న వర్క్‌షాపులో చేతులకు గ్రీజు పూసుకుని ఇంజను పని నేర్చుకుంది. 1929లో విమాన మెకానిక్ లైసెన్సు సాధించి, బ్రిటన్‌లో ఆ ఘనత పొందిన తొలి మహిళ అయింది.

తండ్రి, లార్డ్ వేక్‌ఫీల్డ్ చెరికొంత డబ్బు ఇవ్వగా పాత జిప్సీ మాత్ విమానం కొన్నది. దానికి పైకప్పు లేదు, రేడియో లేదు. వేగం గంటకు 140 కిలోమీటర్ల లోపే. పెట్రోలు కోసం మాటిమాటికీ దిగాలి. అందుకే ఆమె దారి వియన్నా, బాగ్దాద్, కరాచీ, కలకత్తా, రంగూన్, సింగపూర్ల మీదుగా వంకరలు తిరిగింది.

1930 మే 5న బయలుదేరింది. ఎడారిలో ఇసుక తుఫాను వచ్చి దిగిపోయింది. పెట్రోలు అయిపోవస్తే మన దేశంలోని ఝాన్సీలో సైనికుల పరేడ్ మైదానంలో దిగింది. రంగూన్ దగ్గర విమానం గుంతలో పడి రెక్క దెబ్బతింటే, అక్కడి సాంకేతిక విద్యాసంస్థ వాళ్ళు బాగుచేసి పెట్టారు. ఆ ఆలస్యం వల్ల 1928లో హింక్లర్ 16 రోజుల లోపే చేరిన రికార్డు ఆమెకు దక్కలేదు. అయినా మే 24న డార్విన్‌లో దిగి, ఇంగ్లండు నుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన తొలి మహిళగా చరిత్రకెక్కింది. అప్పటికి ఆమె వయసు 26 ఏళ్ళు.

రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యానికి విమానాలు చేరవేసే పనిలో ఉండగా, 1941 జనవరి 5న ఆమె విమానం థేమ్స్ నది ముఖద్వారంలో కూలింది. ఆమె శరీరం దొరకలేదు.

2018లో లండన్, పెర్త్ నగరాల మధ్య ఎక్కడా ఆగకుండా సుమారు 17 గంటల్లో చేరే విమానం మొదలైంది.

అమీ మనలా పేదింటి పిల్ల కాదు, నిజమే. కానీ ఆడపిల్లకు ఇంజను పనెందుకు అన్న రోజుల్లో ఆ పనే నేర్చుకుంది, దారి మధ్యలో అదే ఆమెను ఆదుకుంది. మనలో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదవాలనుకునే చెల్లెళ్ళు, తమ్ముళ్ళు చేతిపనిని చిన్నచూపు చూడకూడదని మేము కోరుతున్నాం.